స్కీలు లేకుండా జోషీమఠ్

స్వెట్టర్‌కి పట్టిన పొగ వాసన ఇంకా వదల్లేదు, మర్చిపోకముందే రాసేస్తున్నా. 2024 ఫిబ్రవరిలో స్కీయింగ్ నేర్చుకుందామని ఉత్తరాఖండ్‌లో జోషీమఠ్ పైనున్న ఔలీ వెళ్లాం, నేనూ మా బావా ఆఫీసు స్నేహితుడొకడూ. అదే బ్యాచ్ నవంబర్‌లో మళ్లీ అక్కడికే బయల్దేరుతుంటే మా అక్క "మంచు లేదంటున్నారుగా, మరి ఏం చేస్తారక్కడ?" అంది. మంచు లేనప్పుడు అక్కడి వాళ్లు ఏం చేస్తారో చూద్దామనే వెళ్తున్నాం అంటే నమ్మలేదు. అప్పట్లో మాకు నేర్పిన కుర్రాడు (మాకంటే చాలా చిన్నవాడే, అయినా ఇక్కడ మాస్టారనే అంటాను) ఫోన్ చేసి "ఇగాస్ పండక్కి రండి భైజీ, గదులు చవక, నాకూ కాస్త తీరిక" అన్నాడు. అక్కడి గఢ్వాల్ కొండల్లో అన్నని భైజీ అంటారు. టికెట్లూ బస్సులూ, రిషీకేశ్ నుంచి పైకి ఎక్కేసరికి నడుములు పట్టేసిన సంగతీ వదిలేసి నేరుగా ఊళ్లోకి వస్తాను.

నవంబర్ 9, జోషీమఠ్ బజారు

చీకటి పడుతుంటే దిగాం. ఫిబ్రవరిలో ఈ బజారుని చూశామని చెప్పుకోడానికి కూడా లేదు. జీపు అద్దంలోంచి ఒక ఏటీఎం, స్కీ బూట్లు అద్దెకిచ్చే కొట్టు కనబడ్డాయి, అంతే. ధ్యాసంతా పైన మంచు మీదే. ఈసారి ఆ బూట్ల కొట్టు ముందు ఉల్లిపాయల బస్తాలున్నాయి. లోపల స్కీలు గోడకి ఆనించే ఉన్నాయి కానీ వాటి ముందు ప్లాస్టిక్ బకెట్లు, రగ్గులు, రంగు బల్బుల దండలు. ఇదేంటని అడిగితే యజమాని "స్కీలు రెండు నెలలు అన్నం పెడతాయి, మిగతా ఏడాదంతా ఉల్లిపాయలే" అని నవ్వాడు.

ఆయన దగ్గరే ఊరి లెక్క అర్థమైంది. ఏప్రిల్ చివర్లోనో మేలోనో బద్రీనాథ్ తలుపులు తెరిస్తే నవంబర్ దాకా యాత్రికులు. వర్షాకాలంలో పూల లోయకీ హేమకుండ్ గురుద్వారాకీ వెళ్లేవాళ్లు. ఆ తర్వాత జనవరి నుంచి మాలాంటి వాళ్లు. స్కీయింగ్ వాళ్లం మాత్రం మేం రాని రోజులన్నిటికీ కలిపి ఆఫ్ సీజన్ అని పేరు పెట్టేసుకున్నాం. ఈ ఊరికి అసలు డబ్బులొచ్చేది మేం ఇళ్లలో ఉన్నప్పుడే. హేమకుండ్, పూల లోయ అప్పటికే మూసేశారు, బద్రీనాథ్ 17న మూసేస్తారు, మంచు ఇంకా పడలేదు. అంటే ఎవరూ రాని సందులో మేం దిగాం.

ఆయనకి ఇంకో బెంగ ఉంది. హేలంగ్ నుంచి మార్వాడీ అనే చోటుకి బైపాస్ వేస్తున్నారు, అది పూర్తయితే బద్రీనాథ్ బండ్లు ఊళ్లోకి రాకుండా కింద నుంచే వెళ్లిపోతాయి. "టీ కూడా తాగరు ఇక్కడ" అన్నాడు. ఇది చెబుతూ మా చేత టీలు తాగించి, మూడింటికీ అరవై తీసుకున్నాడు.

గది ఎనిమిది వందలు. అదే గదికి ఫిబ్రవరిలో మూడు వేలిచ్చాం, వేణ్ణీళ్ల బకెట్టుకి వేరే. అప్పుడు పై హాల్లో కూర్చోబెట్టి పనీరు కూర, మ్యాగీ పెట్టారు. ఈసారి ఇంటావిడ "ముగ్గురి కోసం విడిగా వండితే గ్యాస్ దండగ, మేం తినేదే తినండి" అని వంటింట్లో పొయ్యి పక్కన పీటలు వేసింది. నెయ్యి రాసిన రాగి రొట్టె, గహత్ పప్పు, ముల్లంగి ముక్కలు, వాటి మీదకి రాతి మీద నూరిన ఉప్పు. ఆ ఉప్పులో పచ్చిమిర్చి, వెల్లుల్లి, కొత్తిమీర వేసి నూరతారు, పచ్చగా తడిగా ఉంటుంది, రెండో ముక్కకే నోరంతా మండుతుంది, అయినా చెయ్యి ఆగదు. గహత్ అంటే ఉలవలు. మా బావది గుంటూరు వైపు, ఉలవచారంటే ప్రాణం పెడతాడు. ఫిబ్రవరిలో ఇదే ఇంట్లో వారం పాటు పనీరు తింటూ "ఇక్కడ తిండి బాలేదు" అని సణిగినవాడు, కింద వంటింట్లో అప్పుడు కూడా ఉలవలే ఉడుకుతున్నాయని తెలిసి ముఖం మాడ్చుకున్నాడు. "మరి మాకెందుకు పెట్టలేదమ్మా?" అంటే "పల్లెటూరి తిండి టూరిస్టులు తినరుగా" అంది. మనిషికి నూట ఇరవై.

నవంబర్ 10, ఔలీ

జోషీమఠ్ నుంచి ఔలీకి నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఉంది. 2023 జనవరిలో ఊళ్లో నేల కుంగి ఇళ్లు పగిలినప్పటి నుంచి అది నడవడం లేదు. దాని మీద ఆధారపడ్డ టీ కొట్లు, ఫొటోలు తీసేవాళ్లు చెల్లాచెదురైపోయారు. లాభపడింది ట్యాక్సీ వాళ్లు. మా మాస్టారు కూడా అప్పు చేసి బండి కొన్నాడు, మే నుంచి నవంబర్ దాకా బద్రీనాథ్ ట్రిప్పులు తిప్పుతాడు. రానూ పోనూ పద్దెనిమిది వందలు. డబ్బులిస్తుంటే మొహమాటపడి, తర్వాత లెక్కపెట్టి మరీ జేబులో పెట్టుకున్నాడు.

పైకెళ్లాక కాసేపు ఎక్కడున్నామో తెలియలేదు. మేం జారిన వాలంతా గోధుమరంగు గడ్డి, మధ్యమధ్య రాళ్లు, ముళ్ల తుప్పలు, ఎండిన పేడ. కుర్చీల లిఫ్ట్ ఆ రోజు ఆగి ఉంది. మంచు లేకపోతే కృత్రిమంగా తయారు చేయడానికి 2011 దక్షిణాసియా వింటర్ గేమ్స్ అప్పుడు పెట్టిన ఏర్పాట్లున్నాయి, నీళ్ల కోసం తవ్విన చెరువూ ఉంది. అయినా మంచు సరిగా పడక పోటీలు రద్దయిన ఏళ్లున్నాయి. 2024లో జనవరి దాదాపు మొత్తం ఎండిపోయింది కూడా. ఫిబ్రవరిలో వచ్చాం కాబట్టి మాకా సంగతి తెలియలేదు, తెల్లగా ఉంది కదా అని సంబరపడిపోయాం.

వాలు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు కొడవళ్లతో గడ్డి కోస్తున్నారు. వాళ్లలో ఒకావిడ మాస్టారి మేనత్త. నడుముకి గుడ్డ బిగించి కట్టుకుని, ఎడం చేత్తో పిడికెడు గడ్డి పట్టి, మొదటికంటా కోసి, అదే గడ్డి నాలుగు పరకలు మెలిపెట్టి కట్ట కట్టి పక్కన పడేస్తోంది. మాతో మాట్లాడుతున్నంతసేపూ చెయ్యి ఆగలేదు, చూపు కూడా గడ్డి మీదే. "కర్రలు కట్టుకుని పడిపోయేది వీళ్లేనా?" అని మేనల్లుడిని అడిగింది. మా బావ అవునన్నాడు వినయంగా. తర్వాత పెళ్లయిందా, పిల్లలెంతమంది, జీతమెంత, అన్నీ వరసగా. జీతం చెబితే కొడవలి ఒక్క క్షణం ఆగింది, "అంత జీతం తీసుకుని పడటానికి వస్తారా" అంది.

ఆవిడకీ మాకూ మంచు విషయంలో పేచీ ఉందని అక్కడే తెలిసింది. మాకు మంచు ఎంత త్వరగా పడితే అంత మంచిది. ఆవిడకి ఈ గడ్డంతా ఇల్లు చేరేదాకా పడకూడదు, ఎందుకంటే తర్వాత మార్చి దాకా ఆవులు కొట్టంలోనే, ఇదే మేత. అలాగని అసలు పడకపోయినా కష్టమే. చలి చాలకపోతే ఆపిల్ చెట్లు సరిగా పూయవు, కొండ మీది గోధుమ చేలకి తేమ ఉండదు. మాస్టారికి మాత్రం జనవరి మొదటి వారానికల్లా పడాలి. ఒకే కుటుంబంలో మంచు కోసం మూడు రకాల మొక్కులు. మేం ఇంతకాలం ఈ వాలు ఏడాదిలో పది నెలలు ఖాళీగా పడుంటుందనే అనుకున్నాం.

2019 జూన్‌లో ఇక్కడే ఒక బాగా డబ్బున్న కుటుంబం పెళ్లి జరిగింది, హెలికాప్టర్లు, విదేశీ పూలు, సినిమా తారలు. ఆ తర్వాత వందల క్వింటాళ్ల చెత్త ఎత్తాల్సి వచ్చింది, వ్యవహారం నైనిటాల్ హైకోర్టు దాకా వెళ్లింది. మేనత్తని దాని గురించి అడిగితే "ఆ ఏడు గడ్డిలో ప్లాస్టిక్ ఏరుకోవడానికే సగం రోజు పోయేది" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. కోపం మా స్నేహితుడికే ఎక్కువొచ్చింది.

మధ్యాహ్నం గోర్సన్ బుగ్యాల్ వైపు నడిచాం. బుగ్యాల్ అంటే కొండ మీది పచ్చిక మైదానం. మాస్టారు బండి దగ్గరే ఉండిపోయాడు, మా స్నేహితుడు ఫోన్‌లో మ్యాప్ పెట్టాడు. ఆ మ్యాప్ మమ్మల్ని ఓక్ అడవిలోంచి సన్నటి కాలిబాటలోకి దింపింది. పావుగంట దిగాక బాట ఒక చెట్టు దగ్గర ఆగిపోయింది. చెట్టు కొమ్మల మధ్య గడ్డివామి, కింద ఖాళీ బీడీ కట్ట. గడ్డి దాచుకోడానికి వేసుకున్న దారి అది, ఇంకెక్కడికీ వెళ్లదు. మళ్లీ పైకి ఎక్కేసరికి నాలుక బయటికొచ్చింది.

పైనుంచి నందాదేవి, 7,816 మీటర్లు, కళ్లు చెదిరేలా ఉంది. దానికి ఎడమవైపు ద్రోణగిరి. హనుమంతుడు సంజీవని కోసం పెకలించుకుపోయింది అక్కడి కొండనేనని నమ్మకం, అందుకని ద్రోణగిరి ఊరి వాళ్లు ఇప్పటికీ ఆయన్ని పూజించరు, మా కొండ పట్టుకుపోయాడని కోపం. ఇటు ఔలీలో చూస్తే సంజీవని శిఖరం అని హనుమంతుడి గుడి. మా స్నేహితుడు శనివారాలు ఉపవాసం చేసే రకం, గుళ్లో దణ్ణం పెట్టుకుని, ద్రోణగిరి వైపు తిరిగి ఆలోచనలో పడ్డాడు.

కిందికి వస్తూ మాస్టారి ఇంటి దగ్గర ఆగాం. డాబా మీద స్కీ బూట్లు వరసగా ఎండలో పెట్టున్నాయి, నాలుకలు బయటికి లాగి. కొన్నిటికి బకిల్స్ పోతే ఇనప తీగ చుట్టాడు. ఫిబ్రవరిలో నా ఎడమ బూటు కరిచేది, అదేదో గుర్తుపట్టాను. స్కీ అంచుల మీద ఆకురాయితో మెల్లగా రుద్దుతూ, కొత్త జత కొనాలంటే ఒక యాత్రా సీజన్ మిగులు మొత్తం పోతుందని చెప్పాడు.

నవంబర్ 11, మాణా

పొద్దున్నే షేర్ జీపులో బద్రీనాథ్. బయట నీళ్ల గుంటలు గడ్డకట్టాయి. గుడి దగ్గర గోవింద నామాలు వినబడితే వెనక్కి తిరక్కుండానే మనవాళ్లని తెలిసిపోయింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్దవాళ్ల గుంపు, కోతి టోపీలు, పైన శాలువాలు, పాదాలకి మాత్రం రబ్బరు చెప్పులు. ఒక హోటల్ ముందు తెలుగులో "ఇడ్లీ దోశ" అని బోర్డు. ఇడ్లీ ప్లేటు ఎనభై, గట్టిగా ఉంది, సాంబారు వేడిగా ఉంది కాబట్టి మాఫ్.

మూడు కిలోమీటర్లు నడిస్తే మాణా. టిబెట్ వైపు చివరి ఊరు, ఇప్పుడు బోర్డు మీద మొదటి ఊరని రాశారు. భోటియా అనే కొండ జాతి వాళ్లది. 1962 దాకా కనుమ దాటి టిబెట్‌తో ఉన్ని, ఉప్పు వ్యాపారం చేశారు, యుద్ధంతో అది ఆగిపోయింది. వ్యాస గుహ, భీమ్ పుల్ అందరూ రాసేవే, నేను రాయను. మేం వెళ్లిన రోజు ఊరు సర్దుకుంటోంది. బద్రీనాథ్ మూసేస్తే వీళ్లూ దిగిపోవాలి, గోపేశ్వర్ దగ్గరి ఊళ్లలో వీళ్లకి చలికాలపు ఇళ్లున్నాయి. గోడల మీద పరుపులు, వాకిళ్లలో బంగాళాదుంపల బస్తాలు, ఒకచోట సగం నింపిన లారీలో గ్యాస్ సిలిండర్, దాని పక్కన మేక. పిల్లలకి మధ్యలో బడి మారుతుంది. "రెండు ఇళ్లు, రెండు బళ్లు, రెండు కరెంటు బిల్లులు" అంది ఉన్ని టోపీలు అమ్మే ఒకావిడ. బేరం ఆడబోతే మా బావని చూసి "పైకి మోసుకొచ్చినవి కిందికి మోయాలి కాబట్టి తగ్గిస్తున్నా, నువ్వు తెలివైనవాడివని కాదు" అంది. టోపీ రెండు వందలు.

ఆవిడే చెప్పింది, గుడి మూసే రోజు స్వామికి కప్పే ఉన్ని కంబళి ఈ ఊరి అమ్మాయిలే నేస్తారు. దానికి నెయ్యి పట్టించి కప్పుతారు, మళ్లీ వచ్చే ఏడాది తలుపులు తెరిచేదాకా అదే. పూజారి రావల్ గారు కేరళ నుంచి వచ్చిన నంబూద్రి, కంబళి మాత్రం ఈ భోటియా పిల్లల చేతులది. తలుపులు మూశాక ఉద్ధవుడూ కుబేరుడూ పాండుకేశ్వర్ దిగుతారు, శంకరాచార్యుల గద్దె జోషీమఠ్ నృసింహాలయానికి వస్తుంది. దేవుళ్లకీ చలికాలపు ఇళ్లున్నాయన్నమాట, అద్దె మాత్రం ఉండదు.

నవంబర్ 12, నృసింహుడు, పగుళ్లు, ఇగాస్

నృసింహాలయంలో స్వామి విగ్రహం ఒక చెయ్యి ఏటేటా సన్నబడుతోందంటారు. అది విరిగిన రోజు కొండలు కలిసిపోయి బద్రీనాథ్ దారి మూసుకుపోతుందని, అప్పుడు తపోవన్ దగ్గరి భవిష్య బద్రిలో స్వామి వెలుస్తాడని నమ్మకం. సింహాచలం, అహోబిలం తిరిగిన మనకి ఉగ్ర నృసింహుడు అలవాటే, ఇక్కడ స్వామి శాంతంగా కూర్చుంటాడు.

గుడి నుంచి సింగ్‌ధార్, మనోహర్‌బాగ్ వైపు నడిస్తే ఆ కథ వేరేగా వినిపిస్తుంది. 2023 జనవరిలో ఎనిమిది వందలకు పైగా కట్టడాలకి పగుళ్లొచ్చాయి. ఒకదాని మీదకొకటి ఒరిగిన రెండు హోటళ్లని కూల్చేశారు. ప్రమాదమన్న ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు పెట్టారు. కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. ఒక ఇంటి మీద ఆ గుర్తు పైనే ఇగాస్‌కి కొత్తగా సున్నం వేస్తున్నారు, కింద ఎరుపు గులాబీ రంగులో తేలుతోంది. ఆ ఇంటాయన మమ్మల్ని లోపలికి పిలిచి వంటగది గోడ చూపించాడు, పగులులో సిమెంటు, దాని పక్కన పెన్సిల్ గీత, తేదీ. పగులు పెరిగిందో లేదో తనే చూసుకుంటున్నాడు. తేదీ వేసి ఏడాది దాటింది, గీత దాటలేదు. ఇంకెన్నాళ్లో ఆయనకీ తెలియదు.

ఇదంతా ఇప్పుడే బయటపడ్డ సంగతి కాదు. 1976లోనే మిశ్రా కమిటీ ఈ ఊరు పాత కొండచరియల మట్టి మీద కూర్చుందని, భారీ కట్టడాలు, పేలుళ్లు వద్దని రాసింది. తపోవన్ విద్యుత్ ప్రాజెక్టు సొరంగమే కారణమని ఊళ్లో చాలామంది అంటారు, కట్టేవాళ్లు కాదంటారు. నాకు మటుకు ఇబ్బందిగా అనిపించింది ఇంకొకటి. ఆ పగుళ్లొచ్చిన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మేం ఈ వీధుల పైనుంచే వెళ్లి వారం రోజులు స్కీయింగ్ చేసి, "రోప్‌వే ఎందుకు లేదండీ?" అని విసుక్కుని వచ్చేశాం.

సాయంత్రం ఇగాస్. దీపావళి తర్వాత పదకొండో రోజు, కార్తీక శుద్ధ ఏకాదశి. రాముడు వచ్చిన కబురు ఈ కొండలకి పదకొండు రోజులు ఆలస్యంగా చేరిందని కొందరు, గఢ్వాల్ సేనాని మాధో సింగ్ భండారీ యుద్ధం గెలిచి అప్పటికి తిరిగొచ్చాడని కొందరు చెబుతారు. పగలు ఆవుల మెడల్లో దండలు వేసి, పిండి ముద్దలు తినిపించి, ఇంట్లో మినప పకోడీలు, పప్పు కూరిన పూరీలు చేశారు. మాస్టారి వాళ్లమ్మ పకోడీలు వేస్తుంటే మేం పొయ్యి చుట్టూ కూర్చుని వాయకి వాయ ఖాళీ చేశాం. అచ్చం మన గారెలే, చిల్లు ఉండదంతే. "మీరు చిల్లెందుకు పెడతారు?" అని అడిగింది. మాలో ఎవరికీ తెలియదు.

రాత్రి పొలంలో భైలో ఆడారు. జిగురు కారే చీడ్ (పైన్) చెక్కల కట్టని తాడుకి కట్టి, అంటించి, తల చుట్టూ గిరగిరా తిప్పుతారు. మాస్టారు తిప్పుతుంటే నిప్పు వలయంలా తిరిగింది. మా బావ తాడు పట్టుకోగానే ఆడవాళ్లంతా పిల్లల్ని లాక్కుని నాలుగడుగులు వెనక్కి వెళ్లారు. నాలుగు చుట్లు బాగానే తిప్పాడు, అయిదో చుట్టుకి మా స్నేహితుడి టోపీ అంటుకుంది. నిన్న కొన్న రెండు వందల టోపీ. అందరూ విరగబడి నవ్వారు, మేనత్త అయితే నేల మీద కూర్చుండిపోయింది.

ఒక్కటి మాత్రం కలుక్కుమంది. ఢోల్, దమౌ వాయించేవాళ్లు లేకపోతే అక్కడ ఏ పండగా ఏ దేవుడూ కదలడు. వాళ్లు వాయిస్తుంటే పెద్దలు కూడా తల వంచుకుని నిలబడ్డారు. తిండి దగ్గరికొచ్చేసరికి వాళ్ల ఆకులు వాకిలి చివర, విడిగా. ఎవరూ ఏమీ అనలేదు, వాళ్లూ అది మామూలే అన్నట్టు తిన్నారు. మాస్టారిని అడిగితే కాసేపు ఆగి "మా అమ్మ ఉన్నన్నాళ్లు ఇంతే భైజీ" అన్నాడు. మన ఊళ్లలో డప్పు వాళ్లని ఎక్కడ కూర్చోబెడతామో నాకు తెలుసు కాబట్టి ఇంకేమీ అడగలేదు.

నవంబర్ 13, కిందికి

గది ఖాళీ చేస్తుంటే ఇంటావిడ కిలో రాజ్మా ఇచ్చింది. డబ్బులు తీసుకోనని, తర్వాత రెండు వందలకి ఒప్పుకుంది. మాస్టారు బస్సు దాకా దింపాడు. జనవరి కోర్సుకి అడ్వాన్స్ ఇమ్మంటాడేమో అనుకుంటే, మంచు చూశాకే అన్నాడు.

"పడకపోతే ఏం చేస్తావు?" అన్నాను.

"నిన్నటి ఏకాదశితో ముహూర్తాలు మొదలయ్యాయిగా. పెళ్లికొడుకుల బండి తిప్పుతా" అన్నాడు. "దానికే గిరాకీ ఎక్కువ, పైగా భోజనం వాళ్లదే."

బస్సు ఎక్కుతుంటే మా బావ ఆ పెళ్లి భోజనంలో ఉలవల పప్పు ఉంటుందా అని అడిగాడు. ఉండదట, పనీరే.